దేవిడీమన్నా

తెలుగులో 'దేవిడీమన్నా' అని ఒక మాట ఉంది. పెద్దవాళ్ల నోట ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది. అప్పు కోసం పోతే దేవిడీమన్నా అన్నాడు, సిఫారసు చెయ్యమంటే దేవిడీమన్నా అన్నాడు అంటుంటారు. పొమ్మన్నాడని, కుదరదన్నాడని అర్థం. వాడేవాళ్లలో చాలామందికి అది ఉర్దూ మాట అని తెలియదు. ఉర్దూలో డ్యోఢీ అంటే గడప, వాకిలి, పెద్ద ఇంటి ముందరి ద్వారం. మనా అంటే కూడదు. ఫలానావాడికి డ్యోఢీ మనా అని నవాబు నోట వచ్చిందంటే వాడిక ఆ గడప తొక్కడానికి లేదు.

ఉర్దూ దారిన తెలుగులోకి ఎన్ని మాటలు వచ్చాయో లెక్కలేదు. దర్వాజా వచ్చింది, కిటికీ వచ్చింది, పరదా వచ్చింది, జవాబు వచ్చింది, గుమాస్తా వచ్చాడు. వీటితో ఎవరికీ పేచీ లేదు. ఈ దేవిడీ మాత్రం తన నిషేధాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. బయట నిలబడ్డవాడికి ఆ వాకిలి మూసి ఉన్నప్పుడే ఎక్కువ గుర్తుండి ఉంటుంది.

ఆ వాకిలి ఎట్లా ఉండేది, ఎవరికి తెరిచేవాళ్లు, ఎవరికి మూసేవాళ్లు అన్నది మనం కూర్చుని చూసుకోవలసిన విషయం. ఎందుకంటే దానికి వారసులం మేమేనని మమ్మల్ని చూసినవాళ్లు అనుకుంటారు. 'మీకేమిటండీ, నవాబుల వంశం' అని బస్సులో, ఆఫీసులో, క్లాసులో ఎన్నిసార్లు వినలేదు! దూది ఏకే దూదేకుల మనిషికీ, పంక్చర్లు వేసే పిల్లాడికీ, బీడీలు చుట్టే ఆమెకీ అందరికీ కలిపి ఒకటే వంశం. ఇక ఆ వంశం ఇల్లు చూద్దాం పదండి.

హైదరాబాదులో వాకిలి పేరే ఇంటి పేరయింది. దివాన్ దేవిడీ, ఖుర్షీద్ జా దేవిడీ, మాల్వాలా దేవిడీ. మహలు, తోట, గుర్రపుసాల, నౌకర్ల కొట్లు అన్నిటికీ కలిపి గడప పేరు పెట్టారు. అందులో అబద్ధం లేదు. ఆ ఇళ్లలో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించి కట్టింది ముందుభాగమే.

వీధిలోంచి చూస్తే ఎత్తయిన గోడ, గోడ మధ్య కమాను. కమానుకు టేకు తలుపులు, తలుపుల నిండా ఇనప బొడిపెలు. పెద్ద ఉమరాల దేవిడీల్లో అంబారీతో ఏనుగు పోయేంత ఎత్తు. ఆ పెద్ద తలుపులో అడుగున ఒక చిన్న తలుపు ఉండేది. దాన్ని ఖిడ్కీ అంటారు. మన కిటికీకి అక్క అనుకోండి. పెద్ద తలుపులు తెరిచేది పెద్దవాళ్ల సవారీ వచ్చినప్పుడు. మామూలు మనిషి ఖిడ్కీలోంచి తల వంచి, కాలెత్తి దాటాలి. వంగి సలాం చెయ్యమని ఎవరూ చెప్పనక్కర్లేదు, తలుపే చేయిస్తుంది. దాటగానే అటూ ఇటూ కాపలావాళ్ల గదులు. అరబ్బులు, రోహిల్లాలు, సిద్దీలు ఆ కొలువుల్లో ఉండేవాళ్లు. అక్కణ్నుంచి నాలుగడుగులు వేస్తే దారి మలుపు తిరుగుతుంది. తలుపు బార్లా తెరిచి ఉన్నా వీధిలో మనిషికి లోపలి ఆడవాళ్లు కనిపించకూడదు. అందుకు ఆ మలుపు.

మలుపు తిరిగితే ఒక్కసారిగా వెలుతురు. సహన్, అంటే ఆకాశం కనిపించే పెద్ద వాకిలి. మధ్యలో హౌజ్, అందులో నీళ్లు. తెలుగు ఇళ్లలో మండువా ఏ పని చేస్తుందో ఇక్కడ సహన్ ఆ పని చేస్తుంది, కాకపోతే ఇది బాగా పెద్దది. ఎండన పడి వచ్చినవాడికి ఆ నీళ్లు చూస్తేనే సగం ప్రాణం లేచొస్తుంది. సహన్‌కి ఎదురుగా నడుమెత్తు అరుగు, మెట్లు, మెట్లపైన దాలాన్. ముందువైపు గోడ ఉండదు, స్తంభాలూ వాటి మధ్య నగిషీ కమానులూ, అంతే. ఎండకు వెదురు చిక్కులు దించుతారు. దాలాన్ వెనక దివాన్‌ఖానా. గచ్చు ఎంత నున్నగా తేలేదంటే ముఖం చూసుకోవచ్చు అనేవాళ్లు. తివాచీ, దానిమీద తెల్లటి చాందినీ, గోడవారగా గావ్ తకియాలు, పక్కన ఉగాల్దాన్. కుర్చీ లేదు, బల్ల లేదు. చెప్పులు మెట్ల దగ్గరే.

కుర్చీలు లేవు గనక అందరూ సమానంగా కూర్చున్నారనుకునేరు. ఎవరు ఎంత దూరంలో కూర్చోవాలో అందరికీ తెలుసు. వచ్చినవాడి హోదా ఎంతో ఇంటాయన ఎన్ని అడుగులు ఎదురొచ్చాడో చూసి చెప్పొచ్చు. లేచి నిలబడటం ఒక మర్యాద. చాందినీ అంచుదాకా రావడం ఇంకో మర్యాద. మెట్లు దిగి రావడం, కమానుదాకా రావడం ఇంకా పైవి. దీనికి ఇస్తిక్బాల్ అని పేరు. పంపించేటప్పుడు అత్తరు, పాన్ వస్తాయి. అవి వచ్చాయంటే ఇక లేవమని. నోరు తెరిచి పొమ్మనకుండా పొమ్మనడంలో మా హైదరాబాదును మించినవాళ్లు లేరు.

ఇందులో అందం లేదని నేననను. వచ్చినవాడి కళ్లకు నీళ్లు, కాళ్లకు నీడ, ముక్కుకు అత్తరు, చెవికి 'తష్రీఫ్ లాయియే'. మనిషి ఇంట్లోకి వస్తుంటే అతని ఒళ్లంతా గుర్తుపెట్టుకుని కట్టిన కట్టడం అది. ఆ మర్యాద మర్దానాకు. ఆడవాళ్ల దారి వేరు. జనానాకి పక్క సందులో వేరే తలుపు. పల్లకీ తలుపు లోపలిదాకా పోతుంది, బోయీలు దించి బయటికి వచ్చేస్తారు, అప్పుడు లోపలి మామాలు, అంటే పనిమనుషులు, పరదా తీసి దింపుకుంటారు. వచ్చిన బేగం సాహెబా ఎంత గొప్పదైనా హౌజ్‌లో నీళ్లు చూస్తూ ఎదురు మెట్లెక్కి వచ్చింది లేదు. ఇంటి ముందరి వైభవమంతా ఇంట్లో సగంమంది చూడని వైభవం.

ఇట్లాంటి నగరంలోకి 1803లో ఒక కొత్త రకం వాకిలి వచ్చింది. మూసీ అవతల, ఇప్పటి కోఠీలో, ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ. గీసి కట్టినవాడు మద్రాసు ఇంజనీర్లలో పనిచేసిన శామ్యూల్ రసెల్. డబ్బు మాత్రం నిజాముది. నక్షా తెచ్చి చూపిస్తే నిజాం ఒప్పుకోలేదని, అదే నక్షాను చిన్న కాయితం ముక్క మీద గీయించి చూపిస్తే సరేనన్నాడని ఒక కథ చెప్తారు. పెద్ద కాయితం చూసి సగం రాజ్యం అడుగుతున్నారనుకున్నాడట. ఆ భయం మరీ తప్పేమీ కాదని తరవాత తేలింది.

రెసిడెన్సీ గ్రీకు, రోమను పద్ధతిలో కట్టింది. దేవిడీ తనను తాను గోడ వెనక దాచుకుంటే ఇది దూరంనుంచే కనిపించాలని నిలబడింది. పొడవాటి మెట్ల వరస, రెండు పక్కలా రాతి సింహాలు, మెట్లపైన ఆకాశానికి లేచిన స్తంభాలు, స్తంభాల మీద త్రికోణంలో కంపెనీ వారి చిహ్నం. మలుపు లేదు. మెట్లెక్కితే తిన్నగా దర్బారు హాలు. మా దేవిడీలో మనిషి వంగి లోపలికి పోయి ఆ తరవాత తేరుకుంటాడు. ఇక్కడ మెట్ల కింద నిలబడి పైకి చూసినప్పుడే తాను ఎంత చిన్నవాడో తెలిసిపోతుంది. రెండూ స్వాగతాలే, రెండూ అదుపులో పెట్టడాలే. పద్ధతి వేరు.

అక్కడా జనానా తప్పలేదు. కిర్క్‌పాట్రిక్ పెళ్లాడింది హైదరాబాదు పెద్దింటి పిల్ల ఖైరున్నీసాని. ఆమెకు వెనకవైపు తోటలో రంగ్ మహల్ కట్టించాడు. పరదా పాటించే ఆమె ముందువైపుకు రావడానికి లేదు గనక మొత్తం భవనానికి చిన్న నమూనా ఒకటి ఆ తోటలో కట్టించాడని చెప్తారు. తన ఇంటి ముఖద్వారం ఎట్లా ఉంటుందో ఆమె బొమ్మలో చూసుకోవాలి. 1860లో తరవాతి దొరలు రంగ్ మహల్‌ని పడగొట్టేశారు. తెల్లదొర ఇంట్లో జనానా ఉండేదన్న గుర్తు వాళ్లకు నామోషీ. నమూనా మిగిలింది. ఇక ఆ ముందు వాకిలి కథ. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని వచ్చింది ఈ రెసిడెన్సీ మీదికే. పిలవకుండా ఆ వాకిలికి వచ్చిన తొలి హైదరాబాదీలు వాళ్లు. వాళ్లకు ఫిరంగులు ఎదురొచ్చాయి. దాని తరవాత రెసిడెన్సీ ప్రహరీకి బురుజులు లేచాయి. 1949లో ఆ భవనం ఉస్మానియా వారి మహిళా కళాశాలకు వచ్చింది, ఇప్పుడు అక్కడ ఉన్నది మహిళా విశ్వవిద్యాలయం. ఖైరున్నీసా ఎక్కని మెట్లు మా ఇళ్ల ఆడపిల్లలు చంకన పుస్తకాలు పెట్టుకుని ఎక్కారు. కోఠీ విమెన్స్ కాలేజీ అనేమాట మా ముస్లిం మొహల్లాల్లో ఎంత బరువైనదో బయటివాళ్లకు తెలియదు.

రెసిడెన్సీని చూసి ఉమరాలకు మనసు లాగింది. పాత దేవిడీల ముందు గుండ్రటి స్తంభాల పోర్టికోలు లేచాయి. చాందినీ పోయి సోఫా వచ్చింది, దీపపు కుందె పోయి ఝూమర్ వచ్చింది. ఇది ఒట్టి వేషం మార్పు కాదు. చెప్పుల సంగతి చూడండి. అంతదాకా నిజాం దర్బారులో రెసిడెంటైనా బూట్లు విప్పి కింద కూర్చోవలసిందే. 1869లో అఫ్జలుద్దౌలా పోయి, రెండున్నరేళ్ల మహబూబ్ అలీఖాన్ గద్దెనెక్కినప్పుడు ఇంగ్లీషువాళ్లు పట్టుబట్టారు. మేం బూట్లతోనే వస్తాం, కుర్చీల మీదే కూర్చుంటాం అన్నారు. పసిపిల్లాడి రాజ్యం, ఎవరు కాదంటారు? రాజ్యం ఎప్పుడు చెయ్యిజారిందని చరిత్రకారులు ఒప్పందాల తేదీలు లెక్కపెడుతుంటారు. నన్నడిగితే గడప దగ్గర బూట్లు విప్పడం ఆగిపోయిన రోజు కూడా ఆ లెక్కలో వెయ్యాలి.

ఈ మోజుకు కొస ఫలక్‌నుమా. పాయెగా నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేస్తే పూర్తికావడానికి తొమ్మిదేళ్లపైనే పట్టింది. కొండమీద తెల్లటి మహలు. పోర్టికోలోంచి అడుగు పెట్టగానే పాలరాతి గది, మధ్యలో పాలరాతి ఫౌంటెను, కూర్చోడానికి పాలరాతి బల్లలు, తలెత్తి చూస్తే కప్పునిండా రంగుల బొమ్మలు. బాగా చూస్తే అది మన హౌజే. ఆకాశం కింద ఉండాల్సిన నీళ్లను ఇంట్లోకి తెచ్చి, పైన రంగులతో ఇంకో ఆకాశం వేశారు. వచ్చిన అతిథి అక్కడ కాసేపు ఆగి తేరుకుని, అప్పుడు పైకి పోయే పాలరాతి మెట్లవైపు నడవాలి. ఆ గది ఒక్కటి చూసి రావడానికి ఎంత దూరమైనా పోవచ్చు, నిజం చెప్పాలి. ఇంత గ్రీకు రోమను ముఖం పెట్టుకున్న మహలుకు కూడా వెనకవైపు జనానా మహల్ మన పద్ధతిలోనే ఉంది. కట్టించడంతో నవాబుగారు అప్పుల్లో పడ్డారు. మహలు మహబూబ్ అలీ పాషా చేతికి పోయింది. 2010 నుంచి అది హోటలు.

ఇంతకీ ఈ వాకిళ్లు ఎవరివి? ముసల్మానులవి అని మీరంటారు. మాల్వాలా దేవిడీ కాయస్థులది. నిజాం రాజ్యంలో దఫ్తరే మాల్, అంటే శిస్తు లెక్కలు, వాళ్ల చేతిలో ఉండేవి. ఆ పేరే ఇంటిపేరయింది. 1845లో కట్టిన ఆ దేవిడీని 2000 ప్రాంతంలో పడగొట్టారు. మహారాజా చందూలాల్‌కి దేవిడీ ఉంది, మహారాజా కిషన్ పర్షాద్‌కి దేవిడీ ఉంది. వాళ్ల దివాన్‌ఖానాల్లోనూ అదే చాందినీ, అదే అత్తరు పాన్. ఊళ్లకు పోతే ఆ పనినే గడి చేసింది. దొర గడికి కూడా ఎత్తు గోడ, పెద్ద దర్వాజా. దాని ముందునుంచి పోయేవాడు చెప్పులు చేతపట్టుకుని పోవాలి. కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే రైతు 1940ల మొదట్లో విసునూరు దేశముఖ్‌తో భూమికోసం కోర్టుకెక్కాడు. గెలిచాడు. దొర మనుషుల చేతుల్లో చచ్చిపోయాడు. 1946 జూలై 4న కడవెండిలో దొరసాని గడి దగ్గర ఊరేగింపు మీద తుపాకులు పేలి దొడ్డి కొమరయ్య చచ్చిపోయాడు. బందగీ, కొమరయ్య ఇద్దరూ ఒకే వాకిలికి బయటివాళ్లు. బందగీ పేరు తెలిసినవాళ్లు కూడా మమ్మల్ని నవాబుల వంశం అనడం మానరు. అదే నాకు అర్థం కాదు.

మా ఊళ్ల ఇళ్లకు దేవిడీ లేదు, దివాన్‌ఖానా లేదు. ఒక గది, ముందు నాలుగడుగుల వసారా, గుమ్మానికి గోనెపట్టా పరదా. దూదేకుల ఇళ్లలో, కూలికి పోయే ఇళ్లలో చాలాచోట్ల ఆ పరదా కూడా ఉండదు. ఆడమనిషి పొద్దున్నే నాటుకు పోతే పరదా ఎవరికి? ఉన్నచోట మాత్రం ఆ గోనెపట్టా దేవిడీ చేసే పనులన్నీ చేస్తుంది. వచ్చినవాడు బయట ఆగి దగ్గుతాడు. లోపలినుంచి 'కౌన్?' అని వినిపిస్తుంది. పేరు చెప్తే ఒక పిల్లాడు బయటికి వస్తాడు. మగదిక్కు ఇంట్లో లేకపోతే ఆ పిల్లాడే ఇంటాయన. పిల్లాడు నులకమంచం వాల్చేది వీధిలో, వేపచెట్టు కింద. కటోరాలో నీళ్లు పరదా సందులోంచి గాజుల చెయ్యి ఒకటి అందిస్తుంది. తరవాత చాయ్. పంచదార లేకపోతే పక్కింటి నుంచి వస్తుంది, వచ్చినాయనకు తెలియకుండా. వీధే మా దివాన్‌ఖానా. హిందువులైనా, ముసల్మానులైనా మా ఇంటికి వచ్చినవాళ్లు ఆ మంచం మీదే కూర్చున్నారు, ఒకే కటోరాతో తాగారు. తాగనివాళ్లు దాహం లేదన్నారు. వాళ్లకెందుకు దాహం లేదో మా పెద్దవాళ్లకు తెలుసు. అడిగేవాళ్లు కారు.

పరదా అంటే గుర్తొచ్చింది. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కింగ్ కోఠీలో ఉండేవాడు. అక్కడ ఒక గేటుకు ఎప్పుడూ పరదా వేలాడుతుండేది. పరదా గేటు అనే దాని పేరు. నిజాం బయటికి పోతే పరదా ఎత్తేవాళ్లు. దించి ఉందంటే సర్కారు లోపల ఉన్నారని అర్థం. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపడ్డవాడి గుమ్మానికీ పరదానే, మా గుమ్మానికీ పరదానే. రెంటి మధ్యా ఉన్నదంతా చూడకుండా, రెండు గుడ్డముక్కలను పక్కపక్కన పెట్టి ఒకే కుటుంబం అనేశారు.

అనడంతో ఆగితే బాధ లేకపోను. 1948 సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగింది. రజాకార్లు చేసినవాటికి బదులు తీర్చుకోవడం మొదలైంది. ఆ ఏడాది చివర్లో పండిట్ సుందర్‌లాల్ బృందం తిరిగి చూసి, రాజ్యం మొత్తంమీద చచ్చిపోయిన ముసల్మానులు తక్కువలో తక్కువ 27 వేలనుంచి 40 వేలమంది అని రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నాయి. ఆ నివేదిక జనం కంటికి కనపడింది 2013లో. చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమంది ఊళ్లవాళ్లు. ఇనప బొడిపెల తలుపులు నగరంలో ఉన్నాయి. ఊళ్లలో ఉన్నది గోనెపట్టా. దేవిడీల బాకీని తీర్చింది దేవిడీ లోపలి చాందినీ ఎన్నడూ చూడనివాళ్లు.

దేవిడీలు మెల్లగా పోయాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. శిస్తు రాకపోతే అంత ఇల్లు ఎట్లా నిలుస్తుంది? అన్నదమ్ములు సహన్ మధ్య గోడ లేపారు, హౌజ్ పూడ్చారు, కమాను గదులు దుకాణాలకు అద్దెకిచ్చారు. దివాన్ దేవిడీ ఒక్కటి వేరే దారి పట్టింది. మూడో సాలార్‌జంగ్ 1949లో పిల్లలు లేకుండా పోయాడు. ఆయన పోగేసిన వస్తువులతో 1951 డిసెంబరు 16న నెహ్రూ ఆ దేవిడీలోనే మ్యూజియం తెరిచాడు. మొదటిసారి, టికెట్టు కొన్న ప్రతివాడూ ఎవరికీ సలాం చెయ్యకుండా ఆ కమాను దాటాడు. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున కొత్త భవనంలోకి మారింది. దివాన్ దేవిడీ లోపల ఇప్పుడు బట్టల దుకాణాలు. మిగిలింది కమానులు. చివరికి మాట అసలు అర్థానికే వచ్చింది, ఇల్లు పోయి వాకిలి మిగిలింది.

పడగొట్టిన ఇళ్ల తలుపులు, టేకు స్తంభాలు వృథా పోవు. కొనేవాళ్లున్నారు. నగరం చుట్టూ కట్టే పెద్ద ఇళ్లలో ముందరి హాలుకు అవి బాగా గిరాకీ. ఇనప బొడిపెల తలుపు, నగిషీ కమాను, అడుగు పెట్టగానే చిన్న ఫౌంటెను, గోడకు పాత అద్దం. 'నవాబీ లుక్' అంటారు దాన్ని. మంచిదే, పాత కర్ర పొయ్యిలోకి పోవడంకన్నా నయం. అట్లాంటి ఇంట్లో పైవాటా అద్దెకు ఉందంటే మా చాచా కొడుకు చూడబోయాడు. ఇంటివాళ్లు మర్యాదస్తులు. హాల్లో కూర్చోబెట్టారు, మంచినీళ్లిచ్చారు, ఆ తలుపు ఎక్కడ కొన్నారో, ఎంత పెట్టి కొన్నారో చెప్పారు. ఉద్యోగం ఏమిటన్నారు, చెప్పాడు. ఎంతమంది ఉంటారన్నారు, చెప్పాడు. చివర్న పేరు అడిగారు.